హైకోర్టులో కేసు ఎలా తేలుతుంది? పునాది పడేది జిల్లా కోర్టులోనే

నల్గొండ, మహబూబ్‌నగర్: పొలం గట్టు తగాదా కావచ్చు, అన్నదమ్ముల పంపకం కావచ్చు, జాతీయ రహదారిపై జరిగిన ప్రమాదం కావచ్చు, ఠాణాలో నమోదైన కేసు కావచ్చు. కింది కోర్టులో ఓడిన వారి నోట తొలుత వినిపించే మాట ‘హైకోర్టుకు పోతాం’ అన్నదే. అక్కడ పెద్ద న్యాయమూర్తులు కేసును మొదటి నుంచీ వింటారని, సాక్షులను మళ్లీ పిలిపిస్తారని, ఇక్కడ చూపలేని కాగితాలను అక్కడ చూపవచ్చని పల్లెల్లో బలమైన నమ్మకం ఉంది. వాస్తవం ఇందుకు భిన్నం. అత్యధిక కేసుల్లో హైకోర్టు సాక్షిని చూడదు, పొలాన్ని చూడదు. కింది నుంచి వచ్చిన రికార్డును, దానిపై ఇచ్చిన తీర్పును మాత్రమే పరిశీలిస్తుంది. జిల్లాలో దాఖలు కాని కాగితం, చెప్పని సాక్ష్యం హైదరాబాద్‌లో అక్కరకు రావడం అరుదు. ఈ ఒక్క విషయం తెలియక ఎకరం అమ్మి పెద్ద కోర్టు మెట్లెక్కి, చివరికి వట్టి చేతులతో తిరిగి వచ్చే కక్షిదారులు ఉన్నారు. నిత్య జీవితంలో తలెత్తే సివిల్, క్రిమినల్ వివాదాలు హైకోర్టులో ఏ రీతిన పరిష్కారమవుతాయో తెలిపే సమగ్ర కథనమిది.

మూసీ ఒడ్డున శతాబ్ది దాటిన భవనం

నల్గొండ, మహబూబ్‌నగర్ బస్సులు ఆగే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌కు సమీపంలోనే మూసీ ఒడ్డున హైకోర్టు భవనం ఉంది. 1915లో నిర్మాణం ప్రారంభమై 1919లో పూర్తయిన ఈ భవనాన్ని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1920 ఏప్రిల్ 20న ప్రారంభించారు. నాటి హైదరాబాద్ సంస్థానానికి, ఆ తరువాత హైదరాబాద్ రాష్ట్రానికి, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు ఇదే ఉన్నత న్యాయస్థానం. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక కూడా నాలుగున్నరేళ్ల పాటు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి హైకోర్టుగా కొనసాగింది. 2019 జనవరి 1న తెలంగాణకు ప్రత్యేక హైకోర్టు ఏర్పడింది. మంజూరైన న్యాయమూర్తుల సంఖ్య 2021లో 24 నుంచి 42కు పెరిగింది. రాజేంద్రనగర్ సమీపంలోని బుద్వేలులో 100 ఎకరాల్లో కొత్త భవన సముదాయానికి 2024 మార్చి 27న శంకుస్థాపన జరిగింది.

జిల్లాల్లోనూ మార్పు వచ్చింది. 2022 జూన్ 2న రాష్ట్రంలో న్యాయ జిల్లాల సంఖ్య 33కు చేరింది. ఫలితంగా పూర్వపు నల్గొండ జిల్లాలో నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట కేంద్రాల్లో వేర్వేరుగా జిల్లా న్యాయస్థానాలు పనిచేస్తున్నాయి. అలంపూర్, గద్వాల ప్రాంతాల వారు జిల్లా జడ్జి కోర్టు కోసం మహబూబ్‌నగర్ వరకు రావలసిన అవసరం తప్పింది. హైకోర్టు కోసం మాత్రం హైదరాబాద్ ప్రయాణం తప్పదు.

ఏ మెట్టు మీద ఏ కోర్టు

సివిల్ వివాదాలు దావా విలువను బట్టి జూనియర్ సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి కోర్టుల్లో మొదలవుతాయి. పాతతరం వారు నేటికీ మున్సిఫ్ కోర్టు అని పిలిచేది జూనియర్ సివిల్ జడ్జి కోర్టునే. మిర్యాలగూడ, దేవరకొండ, కోదాడ, హుజూర్‌నగర్, రామన్నపేట, కల్వకుర్తి, అచ్చంపేట, కొల్లాపూర్, ఆత్మకూర్ తదితర పట్టణాల్లో కోర్టులు ఉన్నాయి. జూనియర్ సివిల్ జడ్జి తీర్పుపై మొదటి అప్పీలు జిల్లాలోనే పరిష్కారమవుతుంది. జిల్లా జడ్జి స్వయంగా విచారించిన పెద్ద విలువ దావాల్లో మొదటి అప్పీలే హైకోర్టుకు చేరుతుంది.

క్రిమినల్ కేసుల్లో మేజిస్ట్రేట్ విధించిన శిక్షపై సెషన్స్ కోర్టుకు అప్పీలు ఉంటుంది. అక్కడా ఓడితే హైకోర్టులో రివిజన్ మాత్రమే మిగులుతుంది. హత్య, అత్యాచారం వంటి తీవ్ర నేరాలను సెషన్స్ కోర్టే విచారిస్తుంది కనుక వాటిపై అప్పీలు నేరుగా హైకోర్టుకు వెళుతుంది.

కేసు నంబరు ముందున్న అక్షరాలే కీలకం

హైకోర్టు కాగితం చేతికి అందగానే కక్షిదారు ముందుగా చూడవలసింది కేసు నంబరుకు ముందున్న అక్షరాలు. కోర్టు ఏ మేరకు జోక్యం చేసుకోగలదో అవే చెబుతాయి.

ఏ.ఎస్.: సివిల్ మొదటి అప్పీలు. సాక్ష్యాలను, చట్టాన్ని రెండింటినీ తిరిగి పరిశీలించే అధికారం కోర్టుకు ఉంటుంది.

ఎస్.ఏ.: రెండో అప్పీలు. ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉంటే తప్ప విచారణకు స్వీకరించరు.

సి.ఆర్.పి.: సివిల్ రివిజన్ పిటిషన్. దావా నడుస్తుండగా కింది కోర్టు ఇచ్చిన ఉత్తర్వుల్లో అధికార పరిధి లోపాలను సరిదిద్దేందుకు.

ఎం.ఏ.సి.ఎం.ఏ.: మోటారు ప్రమాద పరిహారంపై అప్పీలు.

డబ్ల్యూ.పి.: రిట్ పిటిషన్. తహసీల్దారు, కలెక్టర్, పోలీసు, పురపాలక సంఘం వంటి ప్రభుత్వ యంత్రాంగం చర్యలపై రాజ్యాంగం 226వ అధికరణ కింద దాఖలు చేసేది. ఒకే న్యాయమూర్తి ఇచ్చిన రిట్ తీర్పుపై ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనానికి చేసే అప్పీలును డబ్ల్యూ.ఏ. అంటారు.

క్రిమినల్ అప్పీలు, క్రిమినల్ రివిజన్, క్రిమినల్ పిటిషన్: మొదటిది శిక్ష లేదా విడుదలపై, రెండోది కింది కోర్టుల ఉత్తర్వుల్లోని లోపాలపై, మూడోది బెయిలు, కేసు కొట్టివేత వంటి అభ్యర్థనలపై.

రెండో అప్పీలు.. రెండో విచారణ కాదు

గ్రామీణ భూ వివాదాల్లో ఎక్కువ అపోహలకు తావిస్తున్నది రెండో అప్పీలే. సివిల్ ప్రక్రియా స్మృతి 100వ సెక్షన్‌ను 1976లో సవరించిన నాటి నుంచి, ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉందని సంతృప్తి చెంది, దానిని రాతపూర్వకంగా రూపొందించిన తరువాతే హైకోర్టు రెండో అప్పీలును విచారిస్తుంది. పొలం ఎవరి కబ్జాలో ఉంది, ఫలానా సాక్షి మాట నమ్మదగినదా, గట్టు ఎక్కడ ఉంది అన్నవి వాస్తవాలకు సంబంధించిన ప్రశ్నలు. వీటిపై కింది రెండు కోర్టులూ ఒకే మాట చెప్పినప్పుడు హైకోర్టు సాధారణంగా జోక్యం చేసుకోదు. అసలు సాక్ష్యమే లేకుండా నిర్ణయానికి రావడం, దస్తావేజును తప్పుగా అర్థం చేసుకోవడం, రుజువు భారాన్ని తప్పు పక్షంపై మోపడం, రిజిస్టర్ కావలసిన పత్రాన్ని రిజిస్టర్ కాకున్నా హక్కు పత్రంగా అంగీకరించడం వంటి లోపాలు ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది.

వరంగల్‌లోని ఇంటి స్థలాల వివాదం ఇందుకు మంచి ఉదాహరణ. సోదరికి పసుపు కుంకుమల కింద నోటిమాటగా ఇచ్చారని చెప్పిన స్థలాన్ని కొన్నవారు, తమ స్వాధీనంలో జోక్యం చేసుకోకుండా ఇంజంక్షన్ మాత్రమే కోరుతూ దావా వేశారు. రెండో అప్పీలులో హైకోర్టు యాజమాన్య హక్కు లోతుల్లోకి వెళ్లి వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. 2008లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. దావాలో హక్కు గురించి అభ్యర్థన గానీ, కింది కోర్టులో దానిపై నిర్ణీత వివాదాంశం గానీ లేనప్పుడు రెండో అప్పీలులో ఆ విషయాన్ని తేల్చడం సరికాదన్నది సారాంశం. యాజమాన్యంపైనే గట్టి వివాదం ఉన్నప్పుడు వట్టి ఇంజంక్షన్ దావా చాలదని, హక్కు ప్రకటన కూడా కోరాలని ఆ తీర్పు స్పష్టం చేసింది. నేటికీ భూ దావాల్లో ఈ తీర్పును తరచుగా ఉదహరిస్తుంటారు. దావా వేసే నాడు జిల్లాలో ఏమి కోరారన్నదే చివరి దాకా వెంటాడుతుందని దీనివల్ల బోధపడుతుంది.

అప్పీలు దశలో కొత్త కాగితాలను అసలే తీసుకోరని కాదు. తగిన శ్రద్ధ చూపినా అప్పట్లో ఆ పత్రం లభించలేదని, లేదా కింది కోర్టు అన్యాయంగా నిరాకరించిందని నిరూపిస్తే అనుమతిస్తారు. ‘మరచిపోయాం’, ‘వకీలు అడగలేదు’ అన్న కారణాలు సాధారణంగా నిలవవు. అందువల్ల ఖాస్రా పహాణీ, సేత్వార్, తదనంతర పహాణీల నకళ్లు, కొలతల నివేదికలు, పాత రిజిస్ట్రేషన్ దస్తావేజులు మొదటి కోర్టులోనే దాఖలు చేసి గుర్తు వేయించుకోవడం అవసరం.

ఆడబిడ్డల వాటాపై మారిన చట్టం

పంపకం దావాల్లో చట్టమే మారిన సందర్భాలు ఉన్నాయి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు వాటా కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అయితే అప్పటికే వివాహమైన వారికి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ భేదాన్ని తొలగించింది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉన్నా లేకున్నా కుమార్తెకు పుట్టుకతోనే హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్ దస్తావేజు ద్వారా గానీ, కోర్టు డిక్రీ ద్వారా గానీ పూర్తయిన పంపకాలను మాత్రం చట్టం కదిలించలేదు. తుది డిక్రీ వెలువడని పంపకం కేసుల్లో ఆడబిడ్డల వాటాలను మారిన చట్టం ప్రకారం తిరిగి లెక్కించవలసి ఉంటుంది. ఇది వాస్తవాల వివాదం కాక చట్టపరమైన ప్రశ్న కనుక రెండో అప్పీలులోనూ నిలుస్తుంది.

భూరికార్డులు.. రిట్ ఎంతవరకు?

పాసుపుస్తకం రాలేదని, పేరు మార్చారని, నిషేధిత జాబితాలో చేర్చారని దాఖలయ్యే వ్యాజ్యాలు రిట్ పిటిషన్ల రూపంలో ఉంటాయి. ఇక్కడ హైకోర్టు చూసేది భూమి ఎవరిదన్నది కాదు. అధికారి చట్టప్రకారం నడిచాడా, నోటీసు ఇచ్చాడా, ఇరుపక్షాలనూ విన్నాడా, కారణాలు రాశాడా అన్నవే ముఖ్యం. యాజమాన్యం తేలవలసిన చోట ‘సివిల్ కోర్టుకు వెళ్లండి’ అన్న సమాధానమే వస్తుంది.

2020లో వచ్చిన కొత్త రెవెన్యూ చట్టం తహసీల్దారు, ఆర్డీవో, జాయింట్ కలెక్టర్ల వద్ద ఉన్న రెవెన్యూ కోర్టులను రద్దు చేసి పెండింగ్ కేసులను ప్రత్యేక ట్రైబ్యునళ్లకు బదిలీ చేసింది. కక్షిదారుల వాదన వినకుండానే ట్రైబ్యునళ్లు కేసులను ముగిస్తున్నాయన్న ఫిర్యాదుపై 2021లో హైకోర్టు జోక్యం చేసుకుని, వాదన వినిపించే అవకాశం ఇవ్వాలని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీలు అంచెలను తిరిగి తెచ్చింది. అలాంటి మార్గం అందుబాటులో ఉన్నప్పుడు దానిని వదిలి నేరుగా రిట్ వేస్తే, ముందుగా అక్కడికే వెళ్లాలని హైకోర్టు తిప్పిపంపే అవకాశం ఎక్కువ.

తెల్లకాగితంపై రాసుకున్న సాదాబైనామాల వ్యవహారం ఒక్క మధ్యంతర ఉత్తర్వు ప్రభావాన్ని కళ్లకు కడుతుంది. 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో ప్రభుత్వం క్రమబద్ధీకరణకు దరఖాస్తులు స్వీకరించింది. అదే సమయంలో పాత చట్టం రద్దయి కొత్త చట్టం అమలులోకి రావడంతో, రద్దయిన చట్టం కింద దరఖాస్తులను ఎలా పరిష్కరిస్తారన్న ప్రశ్న తలెత్తింది. కొత్త చట్టం వచ్చిన తరువాత అందిన దరఖాస్తులపై ముందుకు వెళ్లరాదని 2020 నవంబరులో హైకోర్టు ఆదేశించింది. రాష్ట్రవ్యాప్తంగా ఆరు లక్షలకు పైగా దరఖాస్తులు నిలిచిపోయాయి. భూభారతి చట్టంలో ఇందుకు నిబంధన చేర్చిన తరువాత 2025 ఆగస్టులో హైకోర్టు ఆ అడ్డంకిని తొలగించింది. ఒక చట్టపరమైన ప్రశ్న తేలేందుకు దాదాపు అయిదేళ్లు పట్టింది.

రక్షిత కౌలుదారులు, ఇనాం భూముల కేసులది మరో దారి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద 38-ఇ సర్టిఫికెట్ల వివాదాల్లో కలెక్టర్ స్థాయి అప్పీలు అనంతరం 91వ సెక్షన్ ప్రకారం హైకోర్టులో రివిజన్ ఉంటుంది. 1955 ఇనాం రద్దు చట్టం కింద జారీ చేసే ఓఆర్సీలపైనా కలెక్టర్ వద్ద అప్పీలు, ఆపై హైకోర్టులో రివిజన్ ఉన్నాయి. ఏడు దశాబ్దాల నాటి పహాణీలు నేటికీ కోర్టుల్లో తిరుగుతున్నాయంటే ఈ చట్టాలే కారణం.

‘పరిశీలించండి’ అంటే గెలుపు కాదు

రిట్ పిటిషన్లలో తరచుగా వెలువడే ఉత్తర్వు ఒకటుంది. పిటిషనర్ వినతిపత్రాన్ని నిర్ణీత గడువులోగా చట్టప్రకారం పరిశీలించి నిర్ణయం తీసుకోవాలని అధికారిని ఆదేశిస్తూ కేసును ముగిస్తారు. హైకోర్టులో గెలిచామని ఊరేగింపుగా ఇంటికి వచ్చిన వారికి, నెల తరువాత అదే తహసీల్దారు కారణాలు చూపుతూ తిరస్కరణ లేఖ పంపడం కద్దు. ఆ లేఖ కోర్టు ధిక్కారం కాదు. పరిశీలించమన్నారు, పరిశీలించారు. దానిని సవాలు చేయాలంటే మళ్లీ మొదటి మెట్టు నుంచి రావలసిందే. అసలు పరిశీలించకుండా ఊరకుంటే మాత్రం కోర్టు ధిక్కార కేసు వేయవచ్చు. అందుకు గడువు ఏడాది.

ప్రాజెక్టుల పరిహారం

శ్రీశైలం జలాశయంలో మునిగిన కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల పల్లెల నుంచి నేటి ఎత్తిపోతల పథకాల వరకు భూసేకరణ ఈ రెండు జిల్లాలకు కొత్త కాదు. 1894 చట్టం కింద పరిహారం చాలదన్న రైతు 18వ సెక్షన్ ప్రకారం రెఫరెన్స్ కోరితే సివిల్ కోర్టు విలువ నిర్ణయించేది. ఆపై అప్పీలు హైకోర్టుకు వెళ్లేది. 2013 భూసేకరణ చట్టం కింద 64వ సెక్షన్ ప్రకారం అథారిటీకి నివేదించమని కోరాలి. అథారిటీ నిర్ణయంపై 60 రోజుల్లోగా హైకోర్టులో అప్పీలు చేసుకోవచ్చు.

పరిహారం తేల్చేటప్పుడు హైకోర్టు ప్రధానంగా చూసేది నోటిఫికేషన్‌కు ముందు అదే ఊరిలో, పక్క ఊళ్లలో రిజిస్టరైన అమ్మకాల ధరలు, బావులు, తోటలు, కట్టడాల రుజువులు. పంచనామా నాడు బావి, బోరు, చెట్ల వివరాలు నమోదు చేయించుకోని రైతుకు అప్పీలులో వాటి విలువ రాబట్టడం కష్టం. ఒకే నోటిఫికేషన్‌లో భూమి కోల్పోయిన పొరుగు రైతుకు కోర్టు పరిహారం పెంచితే, దావా వేయని రైతు సైతం మూడు నెలల్లోగా అదే రేటు కోరుతూ కలెక్టర్‌కు దరఖాస్తు చేసుకునే వీలు పాత, కొత్త చట్టాలు రెండింటిలోనూ ఉంది. ఈ మూడు నెలల అవకాశం సంగతి తెలియక నష్టపోకుండా ఊరివారు జాగ్రత్త పడాలి.

రహదారి ప్రమాదాలు.. లెక్క ఇలా

విజయవాడ వెళ్లే 65వ నంబరు, బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారులు ఈ జిల్లాల మీదుగానే సాగుతాయి. ప్రమాద పరిహారం కేసులను జిల్లాల్లోని మోటారు ప్రమాద ట్రైబ్యునళ్లు విచారిస్తాయి. వాటి తీర్పుపై 90 రోజుల్లోగా హైకోర్టులో అప్పీలు చేయవచ్చు. 2019 సవరణ ప్రకారం వివాదంలోని మొత్తం రూ.లక్షకు లోపు ఉంటే అప్పీలు ఉండదు.

ఇతర కేసులతో పోలిస్తే ఇక్కడ లెక్క స్పష్టం. 2009, 2017 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు ఖరారు చేసిన సూత్రాలనే హైకోర్టు అనుసరిస్తుంది. ఉదాహరణకు నెలకు రూ.12 వేలు సంపాదిస్తూ మరణించిన 35 ఏళ్ల ఆటో డ్రైవరుపై నలుగురు ఆధారపడి ఉన్నారనుకుందాం. సొంత ఉపాధి గల 40 ఏళ్ల లోపు వారికి భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలిపితే రూ.16,800 అవుతుంది. అతని సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసివేస్తే రూ.12,600. ఏడాదికి రూ.1,51,200. ఆ వయసుకు నిర్ణయించిన గుణకం 16తో హెచ్చిస్తే రూ.24,19,200 వస్తుంది. దీనికి అదనంగా 2017 తీర్పు ప్రకారం అంత్యక్రియలకు రూ.15 వేలు, ఆస్తి నష్టానికి రూ.15 వేలు, తోడు కోల్పోయినందుకు రూ.40 వేలు, మూడేళ్లకోసారి పదిశాతం పెంపుతో కలుపుతారు.

లెక్క ఇంత సులువైనప్పుడు వివాదం ఎక్కడ వస్తుందంటే, ఆ రూ.12 వేల దగ్గరే. ఆదాయానికి రుజువు లేకపోతే కోర్టు తన అంచనా ప్రకారం ఒక మొత్తాన్ని నిర్ణయిస్తుంది. లైసెన్సు, బ్యాంకు ఖాతా, వాహన పత్రాలు, పనిచేసిన చోట ఇచ్చిన ధ్రువీకరణ, వయసు రుజువు ట్రైబ్యునల్‌లోనే దాఖలు చేసి ఉంటే అప్పీలులో పరిహారం పెరిగే అవకాశం ఉంటుంది. న్యాయమైన పరిహారం అనిపిస్తే బాధితులు కోరిన దానికన్నా ఎక్కువ మంజూరు చేసే అధికారమూ కోర్టుకు ఉంది.

క్రిమినల్ కేసులు: బెయిలు, కొట్టివేత

2024 జూలై 1 నుంచి దేశంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చాయి. ముందస్తు బెయిలు పాత చట్టంలో 438వ సెక్షన్ కాగా కొత్త చట్టంలో 482. కేసు కొట్టివేతకు వాడే అంతర్గత అధికారం పాత చట్టంలో 482 కాగా కొత్తదానిలో 528. పాత నంబరే కొత్త చట్టంలో మరో అర్థం సంతరించుకోవడం వల్ల కాగితాలు చదివే వారు తికమక పడుతున్నారు.

ఎఫ్‌ఐఆర్ నమోదైన వెంటనే హైకోర్టుకు వెళ్లి కొట్టివేయించుకోవచ్చన్న అభిప్రాయం సరికాదు. ఫిర్యాదులోని ఆరోపణలన్నీ నిజమనుకున్నా నేరం కానప్పుడు, పూర్తిగా అసంబద్ధమైనప్పుడు, చట్టం అడ్డుపడుతున్నప్పుడు, కక్షసాధింపు స్పష్టమైనప్పుడు మాత్రమే జోక్యం చేసుకోవాలని 1990 దశకం తొలినాళ్లలోనే సుప్రీంకోర్టు హద్దులు గీసింది. ఆరోపణ నిజమా, అబద్ధమా అన్నది సాక్షుల విచారణలో తేలవలసిందే. భూమి అమ్మకపు బాకీ వంటి సివిల్ తగాదాకు క్రిమినల్ రంగు పూసిన సందర్భాల్లో, భార్యాభర్తలు రాజీపడిన కేసుల్లో కొట్టివేత ఉత్తర్వులు వెలువడుతుంటాయి. హత్య, అత్యాచారం వంటి సమాజంపై ప్రభావం చూపే నేరాల్లో రాజీ చెల్లదని 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అటువంటి కేసుల్లో పోలీసులు ముందుగా నోటీసు ఇవ్వాలి. దీనికి సంబంధించిన సెక్షన్ పూర్వం 41-ఏ, ప్రస్తుతం 35(3). కొట్టివేత కోరుతూ వెళ్లిన అనేక పిటిషన్లలో ఈ నోటీసు విధానాన్ని పాటించమని చెప్పి హైకోర్టు ముగించడం పరిపాటి. అంటే కేసు పోలేదు, అరెస్టు భయం మాత్రమే తగ్గింది.

చెల్లని చెక్కుల కేసులో మేజిస్ట్రేట్ విధించిన శిక్షపై సెషన్స్ కోర్టుకు వెళ్లేవారిని పరిహారంలో కనీసం 20 శాతం జమ చేయమనే అధికారం 2018 సవరణతో వచ్చింది. రెండు కోర్టుల్లోనూ ఓడి హైకోర్టులో రివిజన్ వేసిన వారికి సంతకం తనది కాదని కొత్తగా చెప్పుకునే వీలు దాదాపు ఉండదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు ఇచ్చిన తీర్పుపైనే కాక బెయిలు ఉత్తర్వుపైనా హైకోర్టుకు అప్పీలు ఉంటుంది. అందుకు గడువు 90 రోజులు.

శిక్ష, విడుదల, మరణశిక్ష

యావజ్జీవ శిక్షపై అప్పీలులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం సాక్ష్యాలను మళ్లీ తూకం వేస్తుంది. తీర్పు వచ్చేలోగా శిక్ష నిలిపివేసి బెయిలు ఇవ్వవచ్చు. నిందితుడిని విడుదల చేసిన తీర్పుపై అప్పీలు కఠినం. కింది కోర్టు అభిప్రాయం సాధ్యమైనదే అయితే, మరో అభిప్రాయానికి వీలున్నంత మాత్రాన మార్చరు. బాధితులు స్వయంగా అప్పీలు చేసే హక్కు 2009 చివరి నుంచి అమలులో ఉంది.

మరణశిక్ష మాత్రం హైకోర్టు ధ్రువీకరించనిదే అమలు కాదు. ముద్దాయి అప్పీలు చేసినా చేయకున్నా సెషన్స్ కోర్టే రికార్డును పంపాలి. హాజీపూర్ బాలికల హత్య కేసుల్లో 2020 ఫిబ్రవరి 6న, 2018 నాటి మిర్యాలగూడ పరువు హత్య కేసులో 2025 మార్చి 10న నల్గొండ ప్రత్యేక కోర్టులు మరణశిక్షలు విధించాయి. రెండో కేసులో మరో ఆరుగురికి యావజ్జీవం పడింది. ఇటువంటి తీర్పులు వెలువడిన నాడు ఊళ్లలో కేసు ముగిసిందని భావిస్తారు. చట్టం దృష్టిలో అప్పటికి సగం దూరమే. 2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో 2016 డిసెంబరులో అయిదుగురికి పడిన మరణశిక్షలను హైకోర్టు ధ్రువీకరించింది 2025 ఏప్రిల్ 8న.

స్టే, గడువు.. రెండూ మరువరాదు

అప్పీలు వేసినంత మాత్రాన కింది కోర్టు డిక్రీ ఆగదు. స్టే కోరి పొందాలి. లేనిపక్షంలో గెలిచినవారు అమలు పిటిషన్ వేసి పొలం స్వాధీనం చేసుకోవచ్చు. స్టే ఆరు నెలలకు దానంతట అదే తొలగిపోతుందన్న 2018 నాటి నిబంధనను 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. కనుక స్టే తొలగాలంటే ఎదుటి పక్షం దరఖాస్తు చేయవలసిందే.

సివిల్ మొదటి, రెండో అప్పీళ్లు హైకోర్టులో వేసేందుకు 90 రోజులు, జిల్లాలో వేసే అప్పీలుకు 30 రోజులు, రివిజన్‌కు 90 రోజులు, శిక్షపై హైకోర్టు అప్పీలుకు 60 రోజులు, మరణశిక్షపై 30 రోజులు గడువు. తీర్పు నకలు కోసం దరఖాస్తు చేసిన నాటి నుంచి అది సిద్ధమయ్యే వరకు పట్టిన కాలాన్ని మినహాయిస్తారు. అందుకే తీర్పు వచ్చిన రోజే నకలుకు దరఖాస్తు చేయడం మేలు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కోర్టుకు ఉన్నా, ప్రతి రోజూ లెక్కలోకి వస్తుంది.

ఖర్చు భరించలేని వారికి

ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, దివ్యాంగులు, కార్మికులు, జైలులో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేస్తే హైకోర్టు న్యాయసేవల కమిటీ ద్వారా న్యాయవాదిని నియమిస్తారు. 15100 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీపడితే ఆ అవార్డు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ప్రతి కేసుకు ఉండే 16 అక్షరాంకెల సీఎన్‌ఆర్ సంఖ్య దగ్గర ఉంచుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీలు, ఉత్తర్వులు ఇంటి నుంచే చూసుకోవచ్చు. కేసు ఏ దశలో ఉందో తెలుసుకునేందుకే రాజధానికి వెళ్లే ఖర్చు దీనివల్ల తప్పుతుంది.

అప్పీలుకు వెళ్లే ముందు కక్షిదారు తన న్యాయవాదిని అడగవలసినవి మూడు. మన కేసు ముందు ఏ అక్షరాలు ఉంటాయి? కింది తీర్పులో ఏ తప్పును చూపబోతున్నాం? ఆ తప్పును చూపే కాగితం కింది రికార్డులో ఉందా? మూడో ప్రశ్నకు సమాధానం లేకపోతే, మూసీ ఒడ్డున ఎంత పెద్ద న్యాయవాదిని నియమించినా ఫలితం అంతంత మాత్రమే. పంచనామా నాడు, పహాణీ నకలు తీసిన నాడు, మున్సిఫ్ కోర్టు బోనులో సాక్ష్యం చెప్పిన నాడు చూపిన శ్రద్ధే హైకోర్టులో కేసును నిలబెడుతుంది.